మెడికేర్ ఏజెంట్ సంతకం అడిగారు, పెట్టవచ్చా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాం. ఆగస్టులో నాకు 65 నిండుతాయి, ఆ నెలలోనే రిటైర్ అవుతున్నాను. పాతికేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. షుగర్, బీపీ ఉన్నాయి. మా ఆవిడకు 60, ఉద్యోగం చేయలేదు. ఇకమీదట ఏటా నాలుగు నెలలు విజయవాడలో ఉండాలనుకుంటున్నాం. గుళ్లో పరిచయమైన ఇండిపెండెంట్ ఏజెంట్ మెడికేర్ (65 నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్లాన్ ఉచితంగా చూసిపెడతానన్నారు. కానీ మాట మొదలుపెట్టకముందే ఒక ఫారం మీద సంతకం అడిగారు. నమ్మవచ్చా?

జవాబు: ఆ ఫారం గురించి టెన్షన్ పడకండి. దాన్ని స్కోప్ ఆఫ్ అపాయింట్‌మెంట్ అంటారు. ఏయే ప్లాన్ల గురించి మాట్లాడబోతున్నారో ముందే రాసుకోవాలన్నది అక్కడి ప్రభుత్వ నిబంధన. సంతకం పెట్టినంత మాత్రాన మీరు ఏ ప్లాన్‌లోనూ చేరినట్టు కాదు. అడిగారంటే ఆయన పద్ధతిగా పనిచేస్తున్నట్టే.

ఉచితమన్న మాట కూడా నిజమే. ఆయనకు కమీషన్ ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. ఏజెంట్ ద్వారా తీసుకున్నా, మీరే నేరుగా తీసుకున్నా ప్రీమియం ఒకటే. అయితే ఏ కంపెనీలతో ఒప్పందం ఉందో వాటి ప్లాన్లే ఆయన చూపిస్తారు. అందుకే ఎన్ని కంపెనీలవి అమ్ముతారో, మెడిగ్యాప్ (మెడికేర్ ఇవ్వగా మిగిలిన ఖర్చు చూసుకునే ప్రైవేటు పాలసీ) కూడా అమ్ముతారో లేదో మొదటే అడగండి. అడ్వాంటేజ్ ప్లాన్లు (మామూలు మెడికేర్‌కు బదులుగా ప్రైవేటు కంపెనీలు నడిపేవి, సాధారణంగా వాళ్ల నెట్‌వర్క్ డాక్టర్లకే పరిమితం) మాత్రమే చూపిస్తే ఇంకొకరిని కలవండి. టెక్సాస్‌లో హైకాప్ అనే ప్రభుత్వ సలహా కేంద్రం ఉంది. అక్కడివాళ్లు ఏమీ అమ్మరు, డబ్బూ తీసుకోరు. ఏజెంట్ చెప్పింది ఒకసారి వాళ్లతోనూ సరిచూసుకోండి.

ఇక అసలు విషయం. మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి మొదలైన రోజు నుంచి ఆరు నెలలపాటు షుగర్ ఉన్నా, బీపీ ఉన్నా ఏ కంపెనీ అయినా మీకు మెడిగ్యాప్ ఇచ్చి తీరాలి, ఆ జబ్బుల పేరుతో ప్రీమియం పెంచకూడదు. ఆ గడువు దాటితే ఆరోగ్య చరిత్ర అడుగుతారు, కాదనవచ్చు కూడా. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన సున్నా ప్రీమియం అని అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరారు. మూడో ఏడు ఆయన గుండె డాక్టరు ఆ నెట్‌వర్క్‌లోంచి వెళ్లిపోయారు. అప్పుడు మెడిగ్యాప్‌కు అప్లై చేస్తే, స్టెంట్ వేయించుకున్నారని రెండు కంపెనీలూ తిరస్కరించాయి. 65లో నేరుగా అడ్వాంటేజ్‌లో చేరినవాళ్లకు మొదటి పన్నెండు నెలల్లో మామూలు మెడికేర్‌కు వెనక్కి వచ్చి మెడిగ్యాప్ తీసుకునే హక్కు ఉంటుంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ పరిస్థితి చూస్తే నేను మెడిగ్యాప్‌లో ప్లాన్ జి అనే రకం వైపే మొగ్గుతాను. నెలనెలా ప్రీమియం కట్టాలి, నిజమే. 2026లో పార్ట్ బికే నెలకు 202.90 డాలర్లు, ఇది దానికి అదనం. మందులకు పార్ట్ డి వేరే. కానీ ఏడాదికి 283 డాలర్ల పార్ట్ బి డిడక్టిబుల్ (ముందు మీరే పెట్టుకోవాల్సిన మొత్తం) పోను, మెడికేర్ ఒప్పుకున్న ఖర్చులో మీ వాటా దాదాపు మొత్తం ప్లాన్ జి చూసుకుంటుంది. మెడికేర్ తీసుకునే డాక్టరైతే చాలు, నెట్‌వర్క్ గొడవ లేదు.

విజయవాడలో మాత్రం మెడికేర్ పనిచేయదు. ప్లాన్ జిలో విదేశీ ఎమర్జెన్సీ కవరేజీ ఉంది కానీ ప్రయాణంలో మొదటి 60 రోజులకే. 250 డాలర్లు మీరు పెట్టుకున్నాక 80 శాతం ఇస్తారు, జీవితకాలం మొత్తానికి 50,000 డాలర్లే పరిమితి. నాలుగు నెలలకు ఇది చాలదు, అక్కడికి విడిగా పాలసీ తీసుకోండి.

ఏజెంట్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల పేర్లు నోటితో చెప్పకండి. సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. 500 మిల్లీగ్రాములా, 1000ఆ, రోజుకు ఎన్నిసార్లు అన్నది సీసా మీది లేబుల్ చూసి మెడికేర్ సైట్‌లో ఎక్కించమనండి. మీరు వెళ్లే ఫార్మసీ పేరు కూడా. ఒకే మాత్రకు ఒక ప్లాన్‌లో ఒక రేటు, ఇంకో ప్లాన్‌లో ఇంకో రేటు ఉంటుంది.

మెడికేర్ మన ఫ్యామిలీ ఫ్లోటర్ లాంటిది కాదు, ఎవరిది వాళ్లకే. మీ ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆగిన 60 రోజుల్లోగా మీ ఆవిడకు మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైట్) ప్లాన్ తీసుకోండి. ఆమెకు 65 వచ్చాక మీరు ఉద్యోగం చేసినందుకు జమైన క్రెడిట్ల మీద, ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఉచితంగా వస్తుంది.

పార్ట్ ఎ, బిలకు ఏజెంట్ అక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ సైట్‌లో మీరే అప్లై చేయాలి. జులై నెలాఖరులోపు చేస్తే ఆగస్టు 1 నుంచి మొదలవుతాయి. అప్పటి నుంచి లెక్కేస్తే మెడిగ్యాప్ గడువు జనవరి నెలాఖరుకు అయిపోతుంది. అప్పటికి మీరు విజయవాడలో ఉండవచ్చు కాబట్టి, విమానం ఎక్కకముందే పాలసీ కార్డు చేతికి వచ్చేలా చూసుకోండి.