గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పాతదానికంటే బాగుంటుందా?

2018 నాటి గాడ్ ఆఫ్ వార్ వీడియో గేమ్ పూర్తిచేశాను, దానికి తరువాయిగా 2022లో వచ్చిన రాగ్నరాక్ కొనొచ్చా అని కదండీ అడిగారు. ఫైటింగ్ కోసమైతే కళ్లు మూసుకుని కొనేయండి. పాతదాంట్లో చాలాసేపు గొడ్డలొక్కటే, మంటల కత్తులు కథ బాగా నడిచాక గానీ చేతికి రావు, పైగా బాస్ (మధ్యమధ్యలో వచ్చే పెద్ద శత్రువు) అంటే ఎక్కువసార్లు అదే ట్రోల్ రాక్షసుడు, చొక్కా మార్చుకుని వచ్చినట్టు. ఇందులో రెండూ మొదటినుంచే ఉంటాయి, తర్వాత ఈటె కూడా వస్తుంది, దాన్ని గుచ్చి పేల్చే మజా వేరు. అప్పుడు ఆరు లోకాలే, ఇప్పుడు తొమ్మిదీ తిరగొచ్చు.

కథకొస్తే నా ఓటు పాతదానికే. తల్లి బూడిదను కొండ శిఖరం మీంచి వదలడానికి తండ్రీకొడుకుల ప్రయాణం, అంతే. గోదావరిలో అస్థికలు కలిపి వచ్చినవాళ్లకి ఆ మౌనం ఇట్టే తెలుస్తుంది. రాగ్నరాక్‌లో మనుషులెక్కువ, మాటలెక్కువ. కొడుకుగా ఆడే ఐరన్‌వుడ్ అనే అడవి భాగమైతే కోనసీమ కాలవలో పడవలా నింపాదిగా సాగుతుంది, అమలాపురంలో మాకు అప్పుడే కరెంటు పోతే పెద్దగా బాధపడలేదు. పజిల్ గురించి కాస్త ఆలోచించేలోపే ఆటలో మన పక్కనున్నవాడు జవాబు చెప్పేస్తాడు, అదో చికాకు. 2023 డిసెంబరులో రాగ్నరాక్‌కి ఉచితంగా ఇచ్చిన వల్హల్లా అనే అదనపు భాగం మాత్రం వదలకండి, కథ అయ్యాకే మొదలుపెట్టండి.