వచ్చే టీచరు కంటే ముందు మన టీచరు

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

మీ స్కూల్లో జపనీస్ మొదలుపెడుతున్నామని, జపాన్ నుంచి ఒక టీచరును రప్పించాలని ఉందని రాశావు. చాలా సంతోషం అమ్మా. గుంటూరులో మధ్యతరగతి పిల్లలు చదివే బడి ఇంత పనికి పూనుకోవడం చిన్న సంగతి కాదు. కానీ నీ ఉత్తరం నిండా వచ్చే టీచరు గురించే ఉంది. ఏడాది పొడుగునా ఆ క్లాసు చెప్పబోయే మీ లావణ్య గురించి ఒక్క ముక్క లేదు.

వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, బడిలో మిగిలేది లావణ్య. అందుకని ముందు ఆమె అక్కడికి వెళ్లాలి, ఆ తర్వాతే వాళ్లు ఇక్కడికి రావాలి. అదృష్టం కొద్దీ సెలవులు కూడా కలిసొస్తాయి. జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్లో మొదలవుతుంది. మే మొదటి వారంలో వాళ్ల వరుస సెలవులు అయిపోగానే క్లాసులు జోరుగా సాగుతుంటాయి, మనకేమో అప్పుడు వేసవి సెలవులు. జూలై ఆఖరు నుంచి ఆగస్టు ఆఖరు దాకా వాళ్లకు సెలవులు, మనకు బడి. అంటే మన టీచరు మేలో, వాళ్ల టీచరు ఆగస్టులో. ఎవరి పాఠాలూ పాడుకావు. ఏడాది ఒప్పందాల జోలికి పోకుండా మొదట ఇలా మూడు నాలుగు వారాలతో మొదలుపెట్టు.

జపనీస్ భాషను విదేశాల్లో వ్యాప్తి చేసే జపాన్ ఫౌండేషన్‌కు టోక్యో పక్కనున్న సైతామాలోని ఉరావాలో ఒక కేంద్రం ఉంది. విదేశాల్లో జపనీస్ చెప్పే టీచర్లకు 1989 నుంచి అక్కడ శిక్షణ ఇస్తున్నారు. ఢిల్లీలోని వాళ్ల ఆఫీసుకు రాసి లావణ్యకు ఏం అర్హతలు కావాలో కనుక్కో. ఈ పని వాయిదా వేయకు.

ఇక వచ్చిన టీచరును క్లాసులో ఒంటరిగా వదలకు. జపాన్ 1987లో జెట్ అనే పథకం పెట్టి ఇంగ్లీషు కోసం విదేశీ యువతను బడులకు రప్పించింది. వాళ్లలో ఎక్కువమంది చేసే పని, సహాయకులుగా అక్కడి ఇంగ్లీషు టీచరు పక్కన నిలబడి పాఠం చెప్పడం. మనమూ ఆ పద్ధతే పట్టుకోవాలి.

బ్రాడీపేటలో ఒక ఫ్రెంచ్ క్లాసు చూశాను. అతిథి టీచరు ‘పొద్దున ఏం తిన్నారు?’ అని ఫ్రెంచ్‌లో అడిగింది. పిల్లలంతా కిక్కురుమనకుండా తమ మేడమ్ ముఖం చూస్తున్నారు. ఆమె ఆ ప్రశ్నను తెలుగులో చెప్పెయ్యలేదు. పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని, చెయ్యెత్తి, తనే జవాబు చెప్పింది. క్రియ తప్పింది. అతిథి దిద్దింది. మేడమ్ మళ్లీ సరిగా చెప్పింది. అంతే, వెనక బెంచీలోంచి ‘పెసరట్టు!’ అని ఒకడు లేచాడు, ఆ తర్వాత చేతులే చేతులు. మేడమ్ స్టాఫ్ రూములో ఉండి ఉంటే ఆ పీరియడ్ అలాగే మౌనంగా గడిచిపోయేది.

లావణ్య చేతిలో అతిథికి లేని బలం ఒకటుంది. ‘నేను బడికి వెళ్తాను’ అన్నా, ‘వతాషి వా గక్కో ని ఇకిమాసు’ అన్నా పదాల వరస ఒకటే. మన ‘కి’ ఉన్నచోటే వాళ్ల ‘ని’ ఉంటుంది, క్రియ చివరికి వస్తుంది. ఇంగ్లీషు మీదుగా నేర్పితే పిల్లలు రెండుసార్లు తలకిందులవుతారు. ఈ సంగతి తెలుగు తెలిసిన టీచరే చూపగలదు. కాబట్టి వ్యాకరణం లావణ్యకు వదిలెయ్. అతిథి చేత మాట్లాడించు. జేఎల్‌పీటీ అనే జపనీస్ ప్రావీణ్య పరీక్షలో మాట్లాడే భాగమే లేదు, అందుకే పరీక్ష కోసమే చదివిన పిల్లలకు నోరు తిరగదు. అతిథి సమయమంతా అక్కడ పెట్టు. దయచేసి ఆమెను వార్షికోత్సవం స్టేజీ మీద, అడ్మిషన్ల కరపత్రం మీద పెట్టకు. ఒక స్కూలు అదే చేసింది. పిల్లలకు ఆ టీచరుతో దిగిన ఫొటో తప్ప ఏమీ మిగల్లేదు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తల్లిదండ్రులతో ముందే తేల్చుకో. 2011లో కేంద్రీయ విద్యాలయాలు జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం చేసుకుని జర్మన్‌ను మూడో భాషగా తెచ్చాయి. 2014 నవంబరులో, సంవత్సరం మధ్యలో, దాన్ని మూడో భాష స్థానం నుంచి తీసేశారు. నలిగింది పిల్లలు. మీరు మాత్రం ఆరులో మొదలుపెడితే పదిదాకా నడుపుతామని రాసివ్వండి. తెలుగు పీరియడ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. 2020 జాతీయ విద్యావిధానం సెకండరీలో జపనీస్‌కు చోటిచ్చింది కానీ, మూడు భాషల్లో రెండు మన దేశానివే ఉండాలని కూడా చెప్పింది.

కాగితాల సంగతి: టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ల చేత పాఠం చెప్పించకూడదు. ఎవరింట్లో దిగితే వాళ్లు 24 గంటల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ముందుముందు 180 రోజులు దాటిన వీసాతో ఎవరైనా వస్తే, దిగిన 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. హోటల్లో కాకుండా పిల్లలున్న ఇంట్లో బస పెట్టు, కారం తగ్గించమని వాళ్లకు ముందే చెప్పు.

ఒప్పందం ముసాయిదా తయారవగానే విజయవాడ పట్టుకురా. లావణ్యను కూడా తీసుకురా, ఆమెతోనే ఎక్కువ మాట్లాడాలి.

నీ మాస్టారు