మేకుకీ కూత, మట్టికీ కూత: మెటల్ డిటెక్టర్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: కొత్త మెటల్ డిటెక్టర్ బిగించి ఆన్ చేశాను. నేలలో ఏమీ లేని చోట కూడా ఆగకుండా కూస్తోంది. మిషన్‌లోనే లోపమా? తిరిగి ఇచ్చేయమంటారా?

జవాబు: ఇచ్చేసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఆరుబయటికి వెళ్లి, కాయిల్‌ను (గొట్టం కింది కొసన ఉండే పళ్లెం లాంటి భాగం) నడుమెత్తున, నేలకు సమాంతరంగా, కదలకుండా పట్టుకోండి. ఇంట్లో మాత్రం వద్దు. స్లాబులో ఇనప చువ్వలు, గోడల్లో కరెంటు తీగలు ఉంటాయి కాబట్టి ఎంత మంచి మిషనైనా అక్కడ గోల చేస్తుంది.

కదలకుండా పట్టుకున్నా కూస్తోందంటే అది బయటి నుంచి వచ్చే విద్యుత్ గోల. తల మీద హైటెన్షన్ తీగలు, కరెంటు కంచె, పక్కనే ఇంకొకరి డిటెక్టర్, ఇవేవీ కాకపోతే మీ జేబులోని మొబైల్. ఫోన్ స్విచాఫ్ చేసి చూడండి. ఫ్రీక్వెన్సీని కొద్దిగా జరిపే చానెల్ మీట మీ మిషన్‌కు ఉంటే ఒక్కో చానెల్ మార్చి చూడండి. ఆ తర్వాతే సెన్సిటివిటీ, అంటే సన్నటి సంకేతాలను కూడా పట్టే స్థాయి, తగ్గించండి.

కదలకుండా ఉంటే నిశ్శబ్దంగా ఉండి, గాల్లో ఊపినప్పుడు కూస్తోందంటే తప్పు బిగింపులో ఉంది. ఎక్కువమందికి ఇక్కడే దొరుకుతుంది. కాయిల్ కేబుల్‌ను గొట్టానికి బిగుతుగా చుట్టుకుంటూ పైకి తేవాలి. కాయిల్‌ను ముందుకూ వెనక్కూ వంచడానికి సరిపడా వదులు కింద ఉంటే చాలు. అంతకంటే ఎక్కువ వదిలితే తీగ ఊగినప్పుడల్లా కాయిల్ దాన్నే లోహంగా లెక్కేస్తుంది. కాయిల్‌ను పట్టి ఉంచే బోల్టూ నట్టూ ప్లాస్టిక్‌వి. విరిగాయి కదా అని ఇంట్లో దొరికిన ఇనప బోల్టు వేస్తే ఇక రోజంతా ఆ బోల్టే వినిపిస్తుంది. రెండు రబ్బరు వాషర్లూ ఉన్నాయో లేదో చూసి వేళ్లతో బిగించండి. పట్టకారు వాడితే కాయిల్ చెవులు విరుగుతాయి. కంట్రోల్ బాక్స్‌లోకి వెళ్లే ప్లగ్‌ను గాడికి సరిపెట్టి, నేరుగా నొక్కి, ఆ తర్వాత రింగు తిప్పాలి. మెలిపెట్టి తోస్తే పిన్ను వంగుతుంది.

నేలకు దించినప్పుడే కూస్తోందా? అయితే మిషన్ బాగానే ఉంది. గ్రౌండ్ బ్యాలెన్స్ చేయలేదంతే. దాని సంగతి తర్వాతి జవాబులో చూడండి.

ప్రశ్న: గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే ఏమిటి? ఆటోమేటిక్ ఉంటే చేయనక్కర్లేదా?

జవాబు: మట్టిలో ఇనుము ఖనిజాలు ఉంటాయి. ఎర్ర నేలల్లో, నల్ల ఇసుకలో మరీ ఎక్కువ. కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రానికి నాణెం ఎలా బదులిస్తుందో ఈ మట్టీ బదులిస్తుంది, పైగా నాణెం కన్నా ఎన్నో రెట్లు గట్టిగా. మట్టి గొంతును గుర్తించి పక్కన పెట్టమని మిషన్‌కు నేర్పడమే గ్రౌండ్ బ్యాలెన్స్.

ముందు డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాలకు కూయకుండా ఆపే సదుపాయం) తీసేసి, అన్ని లోహాలకూ కూసే ఆల్ మెటల్ మోడ్‌లో పెట్టండి. కాయిల్ తిప్పి చూసి, ఏ లోహమూ లేని చోటు ఒకటి ఎంచుకోండి. ఈ మెట్టు తప్పితే మిగతాదంతా వృథా, ఎందుకంటే కింద మేకు ఉండగా బ్యాలెన్స్ చేస్తే మిషన్ ఆ మేకునే నేల అనుకుంటుంది. ఇప్పుడు కాయిల్‌ను 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 3 సెంటీమీటర్ల దాకా దించండి, మళ్లీ ఎత్తండి. చేదబావిలో బొక్కెన ఆడించినట్టు, ఒకే లయలో. బటన్ ఉన్న మిషన్‌లో దాన్ని నొక్కి పట్టుకుని, అంకె స్థిరపడేదాకా ఇలా చేయాలి. మామూలుగా ఐదు నుంచి పదిసార్లు పడుతుంది. చేత్తో తిప్పే నాబ్ ఉంటే, దించినప్పుడూ ఎత్తినప్పుడూ ధ్వనిలో తేడా వినండి. నాబ్‌ను ఒక వైపు కొంచెం తిప్పి చూడండి. తేడా పెరిగితే రెండో వైపు తిప్పండి. దించినా ఎత్తినా ధ్వని ఒక్కలా వినిపిస్తే పని అయినట్టే.

ఎడతెగకుండా తనంతట తాను సరిచూసుకునే ట్రాకింగ్ మిషన్లకు ఒక దోషం ఉంది. అనుమానం ఉన్న చోట కాయిల్‌ను పదేపదే తిప్పితే అవి ఆ వస్తువునే నేలగా లెక్కేసి నెమ్మదిగా మింగేస్తాయి. సంకేతం తగలగానే ట్రాకింగ్ ఆపేసి అప్పుడు పరిశీలించండి. పొడి నేల నుంచి తడి నేలకు మారినా, మట్టి రంగు మారినా బ్యాలెన్స్ మళ్లీ చేయాల్సిందే.

ప్రశ్న: సెన్సిటివిటీ పూర్తిగా పెంచితే లోతు పెరగదా? మా మిషన్ నిజంగా ఎంత లోతు చూడగలదు?

జవాబు: పక్కవాళ్లు గోల చేస్తుంటే రేడియో సౌండు పెంచితే ఏమవుతుంది? పాటతో పాటు గోలా పెరుగుతుంది. సెన్సిటివిటీ కూడా అంతే. ముందు పెంచుకుంటూ పోయి, కాయిల్ ఊపుతుండగా ఉత్త కూతలు మొదలైన చోట ఆగండి. అక్కడి నుంచి ఒకటి రెండు గీతలు వెనక్కి రండి. ఖనిజాలు ఎక్కువున్న నేలలో సెన్సిటివిటీ సగానికి దించితేనే లోతు బాగా తెలిసిన సందర్భాలు తక్కువేం కాదు.

22 నుంచి 28 సెంటీమీటర్ల కాయిల్ ఉన్న మామూలు మిషన్‌కు రూపాయి బిళ్లంత వస్తువు మంచి నేలలో 20 సెంటీమీటర్ల దాకా తెలుస్తుంది, ఒక్కోసారి 25. అక్కడి నుంచి ముందుకు పోవడం ఎందుకంత కష్టమంటే, కాయిల్ పంపే క్షేత్రం దూరం పెరిగేకొద్దీ ఘనం లెక్కన సన్నబడుతుంది. నాణెంలో పుట్టే ఎదురు క్షేత్రమూ తిరిగి పైకి వచ్చేటప్పుడు అదే లెక్కన సన్నబడుతుంది. కాబట్టి లోతు కాయిల్ సైజును దాటాక, చిన్న వస్తువును రెట్టింపు లోతులో పెడితే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. పెద్ద కాయిల్ వేస్తే లోతు కొంత పెరుగుతుంది గానీ గింజంత వస్తువులు జారిపోతాయి, చెత్త ఉన్న చోట రెండు మూడు సంకేతాలు కలిసిపోతాయి. స్క్రీన్ మీద చూపే లోతు కూడా నాణెం సైజును ఊహించుకుని వేసిన లెక్కే. అడుగున్నర లోతులో ఉన్న నాగలి కర్రును అది 8 సెంటీమీటర్లని చూపించవచ్చు.

ప్రశ్న: ఇనుము వద్దు, బంగారం కావాలి. డిస్క్రిమినేషన్‌లో ఏ నంబర్లు ఆపేయాలి?

జవాబు: ఈ ప్రశ్న చాలామంది అడిగారు. జవాబు ఎవరికీ నచ్చకపోవచ్చు. సంకేతం తగిలినప్పుడు స్క్రీన్ మీద వచ్చే నంబరు లోహం పేరు చెప్పదు. ఆ వస్తువులో విద్యుత్తు ఎంత సులువుగా సుడి తిరుగుతుందో చెబుతుందంతే. అందులో లోహంతో పాటు సైజు, మందం, ఆకారం అన్నీ కలిసిపోతాయి. కింది కొసన ఇనుము, పై కొసన రాగి, వెండి. మధ్యలో అల్యూమినియం రేకు ముక్కలు, కూల్‌డ్రింక్ టిన్నుల మీది లాగే రింగులు, వాటితో పాటు బంగారు ఉంగరాలు. అంటే రింగుల నంబరు ఆపేసిన రోజున ఉంగరాలనూ ఆపేసినట్టే. బంగారం కావాలంటే రేకు ముక్కలు తవ్వక తప్పదు.

గొలుసు సంగతి మరీ విచిత్రం. ఎంత బరువున్నా, మిషన్ కంటికి అది సన్నసన్నని లంకెల వరసే. ఒక్కో లంకె విడిగా బదులిస్తుంది కాబట్టి చాలాసార్లు తగిలేది కొక్కెం ఒక్కటే, అదీ ఇనుముకు కాస్త పైన వచ్చే నంబరుతో.

మీ మిషన్‌కు మీరే ఒక పట్టీ రాసుకోండి. మేకుల్లేని చెక్క బల్ల మీద ఉంగరం, నాణేలు, రేకు ముక్క, టిన్ను రింగు, సీసా మూత, మేకు ఒక్కోటి పెట్టి, 10 సెంటీమీటర్ల ఎత్తున కాయిల్ ఊపి నంబరు రాసుకోండి. ఒక్కో కంపెనీ అంకెలు ఒక్కోలా ఉంటాయి కాబట్టి వేరేవాళ్ల పట్టీ పనికిరాదు.

పెద్ద తుప్పు ఇనుము, వంగిన మేకు ఒక్కోసారి వెండిలా పై నంబరు చూపి మోసం చేస్తాయి. అలాంటప్పుడు మీరు 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. నాణెం ఏ వైపు నుంచైనా ఒకే పాట పాడుతుంది. మేకు సగం మింగి సగం కక్కుతుంది.

ప్రశ్న: కాయిల్ ఊపడంలో పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, సమాంతరంగా. ఇటు కొస నుంచి అటు కొసకు ఒకటి ఒకటిన్నర సెకన్లు. ప్రతి ఊపూ ముందటి దాన్ని సగం కప్పాలి. గడియారం లోలకంలా కొసల్లో పైకి లేస్తే రెండు పక్కలా లోతు పోతుంది. గొట్టం పొడవు సరిపెట్టుకోండి: నిటారుగా నిలబడి, చేయి వదులుగా ఉండగా కాయిల్ పాదానికి జానెడు ముందు ఉండాలి. నడుం వంచాల్సి వస్తే గొట్టం పొట్టిగా ఉన్నట్టు. ఇనప మొన ఉన్న బూట్లు వేసుకోకండి.

ప్రశ్న: బాగా మోగిన చోట తవ్వితే ఏమీ దొరకడం లేదు. గుంట తవ్వాక మోగడమే మానేస్తోంది. ఎందుకు?

జవాబు: నూటికి తొంభై సార్లు తప్పు గుర్తు పెట్టడంలోనే ఉంటుంది. వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ మోడ్‌లో కాయిల్‌ను నిలువుగా, అడ్డంగా కూడిక గుర్తులా తిప్పి, ధ్వని గరిష్ఠంగా ఉన్న చోట పుల్ల గుచ్చండి. డబుల్ డి కాయిల్ (లోపల D ఆకారంలో రెండు తీగచుట్లు ఉండే రకం) అయితే ఇంకో ఉపాయం ఉంది. చిన్నచిన్నగా అటూ ఇటూ ఊపుతూ కాయిల్‌ను మీ వైపు లాక్కోండి. సంకేతం తెగిన క్షణంలో వస్తువు కాయిల్ ముందు అంచుకు ఆనుకునే ఉంటుంది.

గడ్డి నేలలో పుల్ల నుంచి 10 సెంటీమీటర్లు ఎడంగా మూడు వైపులా కోసి, నాలుగో వైపు వదిలేయండి. తలుపులా ఎత్తి తీస్తే వేళ్లు తెగవు. మట్టిని గోనె మీదో ప్లాస్టిక్ పట్టా మీదో పోయండి. ముందు గుంటను, తర్వాత మట్టి కుప్పను మళ్లీ కాయిల్‌తో చూడండి. చాలాసార్లు నాణెం కుప్పలోకి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది, మనం గుంటనే తవ్వుతుంటాం. లేదంటే గుంట పక్క గోడలో ఉంటుంది. లేదంటే బోర్లా ఉన్న నాణెం తవ్వేటప్పుడు నిలువుగా తిరిగి సంకేతం సన్నబడుతుంది.

అన్నీ చూసినా మాయమైందంటే అది తుప్పు. ఏళ్ల తరబడి నేలలో ఉన్న ఇనుము చుట్టూ మట్టిలోకి తుప్పు ఊరి, మేకు తన సైజు కన్నా పెద్దదిగా వినిపిస్తుంది. తవ్వి మట్టిని చెదరగొట్టగానే ఆ పెద్దరికం పోతుంది. గుంటలో నారింజ రంగు మట్టి కనిపిస్తే ఇక వదిలేయండి.

రెండు చోట్ల మాత్రం పార పెట్టకండి. సంకేతం ఒకే గీతలో అడుగుల కొద్దీ సాగుతుంటే అది పైపో కరెంటు కేబులో అయి ఉండవచ్చు. బాంబు ఆకారంలో ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. ఇక ఇతరుల నేలలో యజమాని అనుమతి, రక్షిత చారిత్రక స్థలాల జోలికి పోకపోవడం, ఈ రెండూ మిషన్ ఆన్ చేయకముందే తేల్చుకోవాల్సినవి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున తడి ఇసుకలో పిచ్చిపట్టినట్టు కూస్తోంది.

జవాబు: ఉప్పునీరు విద్యుత్ వాహకం. తడి ఇసుక మొత్తం ఒక పెద్ద రేకులా కనిపిస్తుంది. పొడి ఇసుకలో ఈ ఇబ్బంది ఉండదు. ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ అయితే తడి ఇసుక మీదే గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి, సెన్సిటివిటీ బాగా తగ్గించి, నీటి అంచుకు సమాంతరంగా నడవండి. పొడికీ తడికీ మధ్య కాయిల్ మారినప్పుడల్లా ఉత్త కూత వస్తుంది. అనేక ఫ్రీక్వెన్సీలు ఒకేసారి వాడే మిషన్లు, క్షేత్రాన్ని ఎడతెగకుండా కాక ఆగి ఆగి పంపే పల్స్ ఇండక్షన్ మిషన్లు ఇక్కడ మెరుగు. అయితే పల్స్ మిషన్ ఇనుమునూ బంగారాన్నీ పెద్దగా వేరు చేయలేదు, ప్రతి మేకూ తవ్వాల్సిందే. ఇంటికి రాగానే కాయిల్‌ను మంచినీటితో కడిగి, కింది ప్లాస్టిక్ మూత ఊడదీసి, అందులో ఇరుక్కున్న ఇసుక దులపండి. చాలా మిషన్లలో నీటికి ఆగేది కాయిల్ ఒక్కటే, కంట్రోల్ బాక్స్ కాదు.

ప్రశ్న: గేటు దగ్గర తనిఖీకి చేతి డిటెక్టర్ వాడతాం. అందరికీ పాదాల దగ్గర మోగుతోంది.

జవాబు: నేల కాంక్రీటు అయితే మోగేది బూటు కాదు, లోపలి చువ్వలు. అడుగెత్తు చెక్క పీట మీద పాదం పెట్టించి చూడండి. ఒంటికి 5 సెంటీమీటర్ల దూరంలో, బట్టలకు తగలకుండా తిప్పండి. రోజూ డ్యూటీ మొదలయ్యేటప్పుడు ఒకే వస్తువుతో, ఒకే దూరం నుంచి పరీక్షించి చూసుకోండి. పేస్‌మేకర్ ఉందని చెప్పినవారి ఛాతీ మీద దాన్ని ఆపి ఉంచకండి. చేత్తో తనిఖీ చేయడం మేలు.

ఈ పరిసరాల లోహం గొడవ కొత్తదేం కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లోని తుపాకి గుండును వెతకడానికి గ్రాహంబెల్ ఇండక్షన్ పరికరం తెచ్చాడు. గుండు దొరకలేదు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని తికమకపెట్టడం ఒక కారణమని చెబుతారు.

ప్రశ్న: వంద మీటర్ల దూరం నుంచి లంకెబిందెలు చూపించే యాంటెన్నా డిటెక్టర్ ఉందంటున్నారు. కొనవచ్చా?

జవాబు: వద్దు. పై 64వ వంతు లెక్క ఇంకోసారి చూడండి.

ప్రశ్న: రీచార్జబుల్ సెల్స్ వేస్తే బ్యాటరీ గుర్తు ఎప్పుడూ సగమే చూపిస్తోంది.

జవాబు: మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్ నికెల్ సెల్ 1.2 వోల్టులు. ఎనిమిది సెల్స్‌కు 12 వోల్టుల బదులు 9.6 వస్తాయి, గుర్తు ఆ తేడానే చూపిస్తోంది. మీ మిషన్ పుస్తకంలో వాడవచ్చని ఉంటే పనికి లోటుండదు. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి. నెలకు మించి పక్కన పెట్టేటప్పుడు సెల్స్ తీసేయండి. ఆల్కలైన్ సెల్ కారి తెల్లటి పొడి కట్టి ఉంటే, దూదిని వెనిగర్‌లో కొద్దిగా తడిపి తుడిచి, తర్వాత నీటి తడితో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్తవి వేయండి.