స్కాన్ నార్మల్‌గానే ఉంది.. మా అబ్బాయి మళ్లీ రగ్బీ ఆడొచ్చా?

ప్రశ్న: మేం సిడ్నీలోని పారమట్టాలో ఉంటాం. మా అబ్బాయికి 14 ఏళ్లు, క్లబ్ తరఫున రగ్బీ లీగ్ ఆడతాడు. పది రోజుల కిందట ఎదుటి కుర్రాణ్ని ఆపబోతే అతని మోకాలు వీడి కణతకు తగిలింది. స్పృహ తప్పలేదు గానీ కాసేపు తూలాడు. సీటీ స్కాన్ నార్మల్. తలనొప్పి తగ్గింది, కానీ అరగంట చదివితే చిరాకు పడుతున్నాడు. వచ్చే శనివారం ఆడతానంటున్నాడు. తల దెబ్బల వల్ల మెదడు జబ్బు వచ్చి ఉండొచ్చని చెప్పిన మాజీ రగ్బీ లీగ్ ఆటగాడు వాలీ లూయిస్ గురించి చదివాక మాకు భయం పట్టుకుంది. ఆట మాన్పించేయమంటారా?
- ఓ పాఠకురాలు

జవాబు: వచ్చే శనివారం మాత్రం ఆడనివ్వకండి. ఆట మాన్పించాలా అన్నది వేరే సంగతి, దానికి ఇప్పుడే తొందర లేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ అబ్బాయికి అయింది కంకషన్, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు పనితీరు కొన్నాళ్లు దెబ్బతినడం. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటారు చాలామంది. నిజానికి ఎక్కువ మందికి స్పృహ తప్పదు. సీటీ తీసేది లోపల రక్తస్రావం, పుర్రె చిట్లడం లాంటివి లేవని తేల్చుకోవడానికే. కంకషన్ అందులో కనపడదు. దెబ్బ తగిలినప్పుడు మెదడు కణాల్లోంచి పొటాషియం బయటకొస్తుంది, కాల్షియం లోపలికి పోతుంది. దాన్ని సరిచేసుకోవడానికి కణాలకు గ్లూకోజ్ ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. ఈ కరువు తీరడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. అరగంట చదువుకే చిరాకు వస్తోందంటే అది ఇంకా తీరలేదన్నమాట. ఈలోపు మరో దెబ్బ తగిలితే కోలుకోవడం బాగా ఆలస్యమవుతుంది. అరుదుగానే అయినా, టీనేజ్ పిల్లల్లో మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు.

ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024 మార్గదర్శకాల ప్రకారం 19 ఏళ్లలోపు వాళ్లు దెబ్బ తగిలాక కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. అంతకన్నా ముఖ్యమైన షరతు ఇంకోటుంది. ఒంటికి ఒళ్లు తగిలే ప్రాక్టీస్‌కు ముందు 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా గడవాలి. మీవాడికి ఆ లెక్క ఇంకా మొదలే కాలేదు. 12వ రోజుకు చిరాకు పూర్తిగా పోయిందనుకుందాం, అప్పుడు కూడా టాకిల్ (ఎదుటివాణ్ని పట్టి ఆపడం) ప్రాక్టీస్ 26వ రోజుకు ముందు కుదరదు. మ్యాచ్ ఆ తర్వాతే. టీవీలో ఎన్‌ఆర్‌ఎల్ (ప్రొఫెషనల్ రగ్బీ లీగ్ పోటీ) ఆటగాళ్లు 11 రోజులకే దిగుతున్నారు కదా అని వాదిస్తాడేమో! వాళ్లు పెద్దవాళ్లు, వెంట డాక్టర్ల బృందం ఉంటుంది. ఆ లెక్క పిల్లలకు పనికిరాదు.

అలాగని చీకటి గదిలో పడుకోబెట్టక్కర్లేదు. విశ్రాంతి మొదటి 24 నుంచి 48 గంటలే. ఇప్పుడు నడక, స్టేషనరీ సైకిల్ మొదలుపెట్టొచ్చు. ముందు గుండె వేగం నిమిషానికి 113 దాటకుండా 15 నిమిషాలు చాలు. అది తట్టుకుంటే మర్నాడు 144 వరకు వెళ్లొచ్చు (14 ఏళ్ల వయసుకు ఇవి గరిష్ఠ వేగంలో 55, 70 శాతం). తర్వాత పరుగు, పాసింగ్ లాంటివి ఒంటరిగా చేయాలి. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. లక్షణం తీవ్రతకు పదికి ఇన్ని అని పాయింట్లు వేసుకుంటే, వ్యాయామంతో అది రెండు పాయింట్లలోపు పెరిగి గంటలో తగ్గిపోతే ఫర్వాలేదు. అంతకు మించితే ఆ రోజుకు ఆపేయండి. చదువు 20 నిమిషాలు, ఆపై విరామం. బడిలో రోజంతా మామూలుగా కూర్చోగలిగాకే టాకిల్స్ మాట, అదీ డాక్టర్ రాసిచ్చాకే.

మనవాళ్లు ఇండియా నుంచి సిటికోలిన్, పైరాసిటమ్ మాత్రలు తెప్పించి వేస్తుంటారు. వాటితో కంకషన్ త్వరగా తగ్గుతుందనడానికి ఆధారం లేదు, వద్దు.

ఇక వాలీ లూయిస్ సంగతి. క్వీన్స్‌లాండ్‌కు 31 స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (న్యూ సౌత్ వేల్స్‌తో జరిగే రాష్ట్రాల పోటీ) మ్యాచ్‌లు ఆడి, ఆస్ట్రేలియాకు కెప్టెన్‌గా చేసిన ఆయన, తనకు సీటీఈ (క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, తలకు పదే పదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే మెదడు జబ్బు) ఉండొచ్చని డాక్టర్లు చెప్పినట్టు 2023లో వెల్లడించారు. ఈ జబ్బులో టావ్ అనే ప్రొటీన్ మెదడు మడతల లోతుల్లో, సన్నని రక్తనాళాల చుట్టూ పేరుకుంటుంది. బతికుండగా అనుమానించడమే తప్ప ఖాయంగా చెప్పలేం. 2022లో మరణించిన మాజీ ఆటగాడు, కోచ్ పాల్ గ్రీన్‌కు ఉన్నట్టు తేలింది కూడా, కుటుంబం దానమిచ్చిన మెదడును పరీక్షించాకే. ఇది ఒకటి రెండు కంకషన్ల వల్ల వచ్చేది కాదు. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలన్నీ, కంకషన్ కాని చిన్నవి సహా, లెక్కలోకి వస్తాయి. ప్రొఫెషనల్ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడేవాడు ఒక్క మ్యాచ్‌లో 30కి పైగా టాకిల్స్ చేయడం మామూలే. దాన్ని పదేళ్ల సీజన్లతో, ప్రాక్టీస్‌తో కలిపి ఊహించుకోండి. పైగా లూయిస్ ఆడిన 1980ల్లో తల తిరిగినవాణ్ని మళ్లీ మైదానంలోకి పంపేసేవారు. ఇప్పుడు అనుమానం వస్తే బయటికి తెచ్చి 15 నిమిషాలు పరీక్షిస్తున్నారు. సిడ్నీ రూస్టర్స్ కెప్టెన్ బాయ్డ్ కార్డ్‌నర్ వరుస కంకషన్ల వల్ల 2021లో 29 ఏళ్లకే రిటైరయ్యారు. నా దృష్టిలో అది తెలివైన నిర్ణయం.

కాబట్టి ఈ ఒక్క దెబ్బకే ఆట మాన్పించమని నేను చెప్పను. కానీ దెబ్బ ఎలా తగిలిందో కోచ్‌తో మాట్లాడండి. కంకషన్లు బంతి పట్టుకున్నవాడి కంటే ఆపేవాడికే ఎక్కువ. టాకిల్‌లో తల ఎదుటివాడి ముందుకు వెళ్తే మోకాలో తుంటి ఎముకో తగులుతుంది. తల వాడి వెనక వైపు ఉండాలి, వెన్ను వంచకుండా మోకాళ్లు వంచాలి. మీవాడిది అచ్చంగా ఈ పొరపాటే అనిపిస్తోంది. మెత్తటి హెడ్‌గేర్ చర్మం చిట్లకుండా కాపాడుతుందేమో గానీ కంకషన్‌ను ఆపదు. మౌత్‌గార్డ్ పళ్లకే. ఒకే సీజన్‌లో రెండోసారి అయినా, ముందుకంటే చిన్న దెబ్బకే లక్షణాలు వచ్చినా అప్పుడు మాన్పించే ఆలోచన చేయండి. ఆట మీద మరీ మనసుంటే ఓజ్‌ట్యాగ్ అనే రగ్బీ తరహా ఆట ఉంది, అందులో టాకిల్ ఉండదు.

తలనొప్పి పెరుగుతూ పోవడం, పదే పదే వాంతులు, మగత, ఫిట్స్, ఒకటి రెండుగా కనపడటం, చెయ్యో కాలో బలహీనపడటం.. వీటిలో ఏది కనిపించినా ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేయండి. నాలుగు వారాలు దాటినా చిరాకు పోకపోతే కంకషన్ చూసే స్పెషలిస్టుకు రాసివ్వమని మీ జీపీని (ఫ్యామిలీ డాక్టర్‌ను) అడగండి. దెబ్బ తగిలిన తేదీ, లక్షణాలు పోయిన తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.