ఇంగ్లండు కార్డు మీద కట్టిన బీమా తిరిగొస్తుందా?

ప్రశ్న: నేను 2004 నుంచి 2011 దాకా ఇంగ్లండులోని రెడింగ్‌లో ఐటీ కాంట్రాక్టరుగా పనిచేశాను. రెండు క్రెడిట్ కార్డులు ఉండేవి. ఒకటి 2007లో బాకీ తీర్చి మూసేశాను. రెండోది, మా అమ్మాయి అక్కడ చదువుతోందని ఉంచుకుని, 2022 నవంబరులో మూసేశాను. ఈమధ్య అటక మీది సూట్‌కేసులో పాత స్టేట్‌మెంట్లు దొరికాయి. రెండింటిలోనూ నెలనెలా ‘పేమెంట్ ప్రొటెక్షన్’ అని కోత పడింది. రెండో కార్డు మీద 2005 మే నుంచి 2010 ఏప్రిల్ దాకా పోయింది. నేను అడిగి తీసుకున్న గుర్తు లేదు. వారం కిందట ఒకాయన ఫోన్ చేసి, మీ పీపీఐ (ఆ పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్) సొమ్ము 6,200 పౌండ్లు మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు 38,000 రూపాయలు పంపండి అన్నాడు. పంపవచ్చా? అసలు ఆ డబ్బు వస్తుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి. ఒక్క రూపాయి కూడా పంపకండి. మీరు ఫిర్యాదే చెయ్యలేదు, మరి మంజూరు ఎక్కణ్ణుంచి వచ్చింది? నిజంగా ఇవ్వాల్సిన బ్యాంకు చెక్కు పంపుతుంది లేదా ఖాతాలో వేస్తుంది, ముందు మీరే ఇంత కట్టండి అనదు. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఈరోజే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి.

ఇక అసలు విషయం. మీరు పంపిన ఫొటోలో ఒక నెల బాకీ 2,400 పౌండ్లు, కింద బీమా 18.96. అంటే వందకు 79 పెన్నీలు. చూడ్డానికి చిల్లరే. కానీ అదే లెక్కన 60 నెలలకు దాదాపు 1,138 పౌండ్లు, పైగా ఆ ప్రీమియం కూడా బాకీలో కలిసి దాని మీద వడ్డీ పడుతుంది. జబ్బు చేస్తేనో, ఉద్యోగం పోతేనో కార్డు వాయిదాలు బీమా కంపెనీ కడుతుందని చెప్పి అమ్మిన సరుకు ఇది. చాలామందికి కార్డు యాక్టివేట్ చేసే ఫోన్ కాల్‌లోనే అంటగట్టారు. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు ‘ఉద్యోగం పోతే’ అన్న భాగం చాలా పాలసీల్లో సరిగా వర్తించదు. అంటే మీలాంటి వాళ్లు ఆ భాగం కింద క్లెయిమ్ చెయ్యడానికి వీల్లేని బీమాకు ప్రీమియం కట్టారు.

ఇందుకే అక్కడి బ్యాంకులు 2011 నుంచి 3,800 కోట్ల పౌండ్లకు పైగా తిరిగి చెల్లించాల్సి వచ్చింది. అయితే ఆ తేలిక దారి, అంటే బ్యాంకుకు ఒక ఫిర్యాదు, కాదంటే ఉచితంగా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్, 2019 ఆగస్టు 29తో మూసుకుపోయింది. ఆ గడువు గురించి అక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ తలకాయ బొమ్మతో రెండేళ్లు ప్రకటనలు వేసింది. గుంటూరులో మీకు అవి కనబడకపోవచ్చు, కానీ ‘ఇండియాలో ఉన్నాను, తెలియలేదు’ అన్నది, గడువు దాటినా ఫిర్యాదు తీసుకోవడానికి చూపాల్సిన ‘అసాధారణ పరిస్థితి’ కింద నిలబడుతుందని నేను అనుకోను.

మిగిలింది కోర్టు. మీ రెండు కార్డుల దారులు వేరయ్యేది ఇక్కడే.

అక్కడి వినియోగదారుల రుణ చట్టంలో 140ఏ అని ఒక సెక్షన్ ఉంది. అప్పిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య సంబంధం అన్యాయంగా ఉంటే డబ్బు వెనక్కి ఇప్పించే అధికారం కోర్టుకు ఇస్తుంది. 2014లో ప్లెవిన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే తీర్పిచ్చింది. ఆ కేసులో ప్రీమియంలో 71.8 శాతం కమిషన్‌గా పోయింది. ఆ మాట చెప్పకుండా బీమా అమ్మడం అన్యాయమేనని కోర్టు అంది.

మీకు ఇంకా దగ్గరిది 2023 అక్టోబరులో వచ్చిన స్మిత్ కేసు. ఎదుటి పక్షం రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్. అదీ క్రెడిట్ కార్డే. ఆవిడ ప్రీమియం కట్టడం 2006లోనే ఆగింది, కార్డు మాత్రం 2015 దాకా నడిచింది, దావా 2019లో వేశారు. ప్రీమియం ఆగి పదమూడేళ్లయింది, గడువు ఎప్పుడో దాటింది అని బ్యాంకు వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ అన్యాయ సంబంధం కార్డు ఒప్పందం ముగిసేదాకా సాగినట్టే, ఆరేళ్ల గడువు ఆ ముగిసిన రోజు నుంచి లెక్కించాలి అంది.

కాబట్టి మీ రెండో కార్డుకు లెక్క 2010 నుంచి కాదు, 2022 నవంబరు నుంచి. అంటే 2028 నవంబరు దాకా మీకు సమయం ఉంది. మీ అమ్మాయి కోసం ఉంచుకున్న కార్డు ఇలా పనికొచ్చింది!

మొదటి కార్డును మరిచిపోండి. 140ఏ సెక్షన్ 2007 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పాత ఒప్పందాల్లో 2008 ఏప్రిల్ 6కు ముందే తీరిపోయినవి దాని కిందికి రావు. మీది 2007లోనే తీరిపోయింది.

వీటికి మధ్యలో ఇరుక్కునేవాళ్లు, అంటే 2010లోనో 2014లోనో కార్డు మూసినవాళ్లు కూడా నాకు రాస్తున్నారు. వాళ్లకు 2023 నవంబరులో వచ్చిన పాటర్ కేసు ఒకటి ఉంది. అందులో 3,834 పౌండ్ల ప్రీమియంలో బీమా కంపెనీకి చేరింది 182 పౌండ్ల చిల్లర! ఇలా కమిషన్‌ను తెలిసే దాచిపెడితే, ఆ సంగతి బయటపడిన రోజు నుంచి, లేదా ఓ మాదిరి శ్రద్ధ పెడితే తెలిసి ఉండే రోజు నుంచి ఆరేళ్లు లెక్క. ఆ రెండో మాట దగ్గరే, మీకు అప్పుడే తెలిసి ఉండాల్సింది అంటూ బ్యాంకు ఆ ష్వార్జెనెగర్ ప్రకటనలన్నీ ముందుకు తెస్తుంది. మీ రెండో కార్డుకు ఆ తలనొప్పి లేదు.

మీరు ముందు చెయ్యాల్సింది కార్డు మూసిన తేదీకి రుజువు సంపాదించడం. మీ జ్ఞాపకం చాలదు, బ్యాంకు ఉత్తరమో ఈమెయిలో కావాలి. మీ పేరు మీద ఉన్న సమాచారమంతా ఇవ్వమని అక్కడి డేటా రక్షణ చట్టం కింద బ్యాంకుకు రాయండి. ఫీజు లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. అదే ఉత్తరంలో ఈ పాలసీ మీద బ్యాంకు తీసుకున్న కమిషన్ ఎంత అనీ అడగండి. ఖాతా మూశాక ఆరేళ్లకు కాగితాలు చెరిపేసే అలవాటు బ్యాంకులకు ఉంది, అందుకని 2028 దాకా టైముందని కూర్చోకండి. ఆ సూట్‌కేసులోని స్టేట్‌మెంట్లన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి. ఒరిజినల్స్ ఏ ఏజెంటుకూ ఇవ్వొద్దు.

దావా చిన్న మొత్తాల విభాగంలో, అంటే 10,000 పౌండ్లలోపు కేసుల కింద నడుస్తుంది. అక్కడ ఓడినా ఎదుటివాళ్ల లాయరు ఫీజు మామూలుగా మీ నెత్తిన పడదు. గెలిచినా మీ లాయరు ఫీజు వాళ్లు ఇవ్వరు. కోర్టు కాగితాలు అందుకోవడానికి యూకేలో ఒక చిరునామా ఇవ్వాలి. అమ్మాయి ఇంకా అక్కడే ఉంటే ఆ ఇల్లు ఇవ్వచ్చు. వచ్చేది ప్రీమియం మొత్తమా, కమిషన్ భాగమేనా అన్నది జడ్జి విచక్షణ. 6,200 పౌండ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

నేను ఇక్కడి కోర్టుల్లో వాదించేవాణ్ణి. అందుకే దావా వేసేముందు ఒక ఇంగ్లండు సొలిసిటర్‌కు, అంటే అక్కడి లాయరుకు, చూపించండి, ఆయన పేరు అక్కడి సొలిసిటర్ల రిజిస్టరులో ఉందో లేదో మీరే వెతుక్కోండి. గెలిస్తేనే ఫీజు అనేవాళ్లయితే ఎంత శాతమో, మధ్యలో మానుకుంటే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఈలోగా బ్యాంకుతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు.