బస్సు బోర్డుల మీద గణాలు

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం, అందులో మడిచి పెట్టిన నాలుగు పద్యాలు అందాయి. విజయవాడ హాస్టలు గదిలో రాత్రి పన్నెండు దాటాక కూర్చుని రాశానన్నావు. ఆ సంగతి మీ అమ్మకు చెప్పను.

మూడు ఉత్పలమాలలు, ఒక శార్దూలం! ఈత రానివాళ్లు ప్రకాశం బ్యారేజీ మీదనుంచి దూకినట్టుంది. గణాలు, అంటే గురువులు (పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరాలు), లఘువులు (తక్కువసేపు పట్టేవి) కలిసిన గుంపులు, తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ మొదటి పద్యంలో “ఇలలోన” రెండుసార్లు, “సుమ్మీ” ఒకసారి ఎందుకు వచ్చాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఖాళీలు పూడ్చడానికి వచ్చాయి. నీ వయసులో నేను “ఔర” అనే మాట మీదే బతికాను. మా తెలుగు మాస్టారు ఒకసారి నా పద్యంలోని వ్యర్థపదాలన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి కాగితం తిరిగి ఇచ్చారు. పాదానికి రెండేసి మాటలు మిగిలాయి. “ఇంతేనా నువ్వు చెప్పదలచుకున్నది?” అని అడిగారు.

వృత్తాలను, అంటే గణాల వరుస మారని ఉత్పలమాల, శార్దూలం లాంటి పద్యాలను, కొంతకాలం పక్కన పెట్టు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. భ ర న భ భ ర వ అని గణాలు కదలకుండా కూర్చుంటాయి, పదో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి, పైగా నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ఒకటే ప్రాస. అంత బిగింపులో కొత్తవాళ్లకు అక్షరాలు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది. ఆటవెలదితో మొదలుపెట్టు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (న, హ అనే చిన్న గణాలు), రెండు ఇంద్రగణాలు (భ, ర, త, నల, నగ, సల అనేవి). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస నియమం లేదు. వేమన చూడు, నాలుగో పాదం “విశ్వదాభిరామ వినురవేమ”కు ఇచ్చేసి, చెప్పవలసినదంతా మూడు పాదాల్లోనే చెప్పాడు.

గణాలను బస్టాండులో నేర్చుకో. నేను అలాగే నేర్చుకున్నాను. బస్సు బోర్డు మీద “గుంటూరు” అని ఉంటుంది. రెండు గురువులు, ఒక లఘువు, తగణం. అంటే ఇంద్రగణం. “బెజవాడ” రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు, సలం, అదీ ఇంద్రగణమే. అదే ఊరిని “విజయవాడ” అన్నావా, ఒక నగణం (మూడు లఘువులు), ఒక హగణం (గురువు, లఘువు), రెండు సూర్యగణాలు అయిపోతాయి. “తెనాలి” ఒక్కటే నన్ను ఏడిపించింది. లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ఆటవెలది పాదం మొదట్లో ఎంత తోసినా కూర్చోదు. ఒక రోజంతా కుస్తీ పట్టి, చివరికి ముందు “మన” చేర్చాను. మనతె, నాలి. రెండు సూర్యగణాలు! మాట ఒక గణంలో మొదలై మరో గణంలో ముగియవచ్చునని అంతకుముందే చదివాను కానీ, తెలిసింది మాత్రం ఆ రోజే.

ఇప్పుడు ఇది చూడు:

నరసరావుపేట నడికుడి గుంటూరు
విజయవాడ నూజివీడు కృష్ణ

ఆటవెలదిలో మొదటి రెండు పాదాలు. గణాలు సరే, యతీ సరే. నడికుడి ఉన్నచోట ముందు బెజవాడ పెట్టాను. గణం కుదిరింది, యతి చెడింది. ఇంతా చేస్తే ఇది పద్యం కాదు, ఊళ్ల జాబితా. కోప్పడకు, నీ శార్దూలం కూడా దీనికి దగ్గరి చుట్టమే.

చదవడం ఎలాగని అడిగావు. అర్థం కాకపోయినా మొదటిసారి పైకి చదువు. రెండోసారి సంధులు విడదీసి, కర్త ఎక్కడ దాక్కుందో క్రియ ఎక్కడ ఉందో వెతుకు. పాదం చివర ఆగాలనుకోకు. వృత్తాల్లో మాట సగంలో విరిగి తర్వాతి పాదంలోకి పోతుంది, కాబట్టి అర్థం ఆగినచోట ఆగు. రాగాలు తీయడం ఇప్పుడే వద్దు. గొంతు బాగుంటే నీరసమైన పద్యం కూడా గొప్పగా వినిపించి మోసం చేస్తుంది.

తిక్కనను సంభాషణల కోసం చదువు. అక్కడ మనుషులు నిజంగా మాట్లాడుకుంటారు. తర్వాత కవి గుర్రం జాషువా. 1895లో వినుకొండలో పుట్టి, 1971లో ఈ గుంటూరులోనే కన్నుమూశాడు. అంటరానితనం మీద ఆయన కోపమంతా ఛందస్సులోనే ఉంది. అంత కోపంలోనూ యతి తప్పదు. పద్యం ముసలివాళ్ల వ్యవహారమన్న నీ స్నేహితురాలికి ఆయనను వినిపించు. ఆమె వచన కవిత రాస్తుందన్నావు కదా, దాని మీద మాత్రం వాదన పెట్టుకోకు.

నీ మూడో పద్యంలో ఒక పాదం ఉంది, మెస్సులో కంచాలు కడిగే ఆవిడ గాజుల చప్పుడు. అది నువ్వు విన్నది. మిగిలిన మూడు పాదాల్లో వెన్నెల, కోయిల, కృష్ణవేణి వచ్చాయి. మీ హాస్టలు కిటికీలోంచి కృష్ణ కనిపించదని నాకు తెలుసు, నిన్ను దింపడానికి నేనూ వచ్చాను. ఆ గాజులను ఆటవెలదిలోకి తెచ్చి పంపు. “గాజు” సూర్యగణం, “గాజులు” ఇంద్రగణం, ఎటు వాడుకుంటావో నీ ఇష్టం. ఒక్క పద్యం చాలు.

వచ్చే ఆదివారం గుంటూరు వస్తే నా నిఘంటువు తీసుకుపో. అట్ట ఊడిపోయింది, “ప” దగ్గర పేజీలు చెదలు తినేశాయి. ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు ఫోనులో వెతుక్కో.

ఇట్లు,
తాతయ్య
బ్రాడీపేట, గుంటూరు