నాలుక క్యాన్సర్‌కు మెడ ఆపరేషన్ ఎందుకు?
అమలాపురం దగ్గర ఏళ్ల తరబడి లంక పొగాకు చుట్టలు కాల్చిన మీ పెదనాన్నగారికి నాలుక అంచున క్యాన్సర్ తేలిందనీ, స్కానింగులో మెడ బాగానే ఉన్నా సర్జన్ అక్కడి లింఫు గ్రంథులూ (ఒంట్లోని ద్రవాన్ని వడకట్టే చిన్న గింజల్లాంటివి) తీయాలంటున్నారనీ, అది అవసరమా అనీ అడిగారు.

చాలావరకు అవసరమే. నోటి క్యాన్సర్ సాధారణంగా మొదట పాకేది దవడ కింది, మెడ పైభాగపు గ్రంథులకే. అక్కడ చేరిన కొద్దిపాటి కణాలు చేతికీ తగలవు, స్కానింగుకూ చిక్కవు. పుండు 4 మిల్లీమీటర్లకు మించి లోతుకు దిగితే ఆ అనుమానం బలపడుతుంది. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రచురించిన పరిశోధనలో, తొలిదశ రోగులకు గ్రంథులను ముందే తీసినప్పుడు 3 ఏళ్లకు 80 శాతం మంది జీవించి ఉండగా, మెడలో గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవారిలో అది 67.5 శాతమే. పైగా ఆగి చూడాలంటే క్రమం తప్పకుండా పరీక్షలకు వెళ్లాలి. రేవు దాటి రావలసిన లంక గ్రామాల వారికి అది మాటల్లో చెప్పినంత తేలిక కాదు.

భుజాన్ని ఎత్తే నరాన్ని వీలైనంతవరకు కాపాడతారు. అయినా కొన్ని నెలలు చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి లేవకపోవచ్చు కనుక ఫిజియోథెరపీ మానవద్దు. తీసిన గ్రంథుల్లో క్యాన్సర్ గ్రంథి పైపొర దాటి బయటికి వచ్చినట్టు తేలితే, ఒంటి సత్తువను బట్టి రేడియేషన్‌తో పాటు కీమో కూడా ఇస్తారు.